చెలిమెగుట్టకు రోజుకు ఇరవై మంది

చెలిమెగుట్ట అడవిని జనం తాకిడి నుంచి కాపాడటానికి ప్రభుత్వం కంకణం కట్టుకున్నదని 1954 ఏప్రిల్‌లో మంత్రిగారు అబిడ్స్‌లో సభ పెట్టి ప్రకటించారు. ఇకమీదట గుట్టకు రోజుకు ఇరవై మందినే పంపుతారు. ఇరవై ఒకటో మనిషి ఎంత గొప్పవాడైనా గేటు బయటే. ఇంతటి ముందుచూపు మన రాష్ట్రానికి అబ్బినందుకు నేను కూడా చప్పట్లు కొట్టాను.

నేను ఆ సభకు వెళ్ళింది మొగులయ్య కోసం. గుట్టమీద ఉన్నది ఆయనదొక్కటే ఇల్లు. పైన శివుడు, కింద చెలిమె. ఎండాకాలంలో జింకలకు ఆ ఊట నీళ్ళే ఆధారం. మొగులయ్య భక్తులను సోమవారం పొద్దున మాత్రమే, ఎనిమిదేసి మందిని రానిచ్చేవాడు. దర్శనానికి ముందు ఒక్కొక్కరూ చెలిమెలోంచి దోసెడు పూడిక తీసి బయట పోయాలి. పదిహేనేళ్ళుగా నేనూ తీస్తున్నాను, అదే అభిషేకమనుకునేవాణ్ణి. తక్కిన రోజులు ఆయన, భార్య వీరమ్మ తీస్తారు. వారం రోజులు తీయకపోతే ఊట మూసుకుపోతుంది.

అడవిని కాపాడినందుకు మంత్రిగారు మొగులయ్యకు శాలువ కప్పి ఫోటో తీయించారు. ఆ రాత్రి నాంపల్లిలోని మా ఇంట్లో ఉండి, మర్నాడు దంపతులు గుట్టకు బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి మా ఇంటికే తిరిగొచ్చారు.

"పాసు లేదని గేటుకాడ ఆపిన్రు సారూ. గేటు అవతల నా ఫోటోనే పెట్టిన్రు. ఫోటో లోపటున్నది, నేను బయటున్న" అన్నాడు మొగులయ్య.

పాసులిచ్చే ఆఫీసు నాంపల్లిలోనే ఉంది. నేనే తీసుకెళ్ళాను. గుమాస్తా బాలకిషన్ మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు.

"ఏడికి పోవాలె?"

"చెలిమెగుట్టకు."

"ఏడికెల్లి?"

"గాడికెల్లే. నా ఇల్లే గాడున్నది."

"ఉండెటోళ్ళకు ఫారంల ఖానా లేదు పెద్దాయనా. చూడవొయ్యెటోళ్ళకే ఉన్నది. ఏం చూస్తవు?"

"ఏం జూస్త? చెలిమెల పూడిక తియ్యాలె."

"ఏడో రూలు, మట్టి ముట్టొద్దు. ప్రకృతి శోభ చూస్తడని రాస్తున్న."

"రాయి బిడ్డా," అంది వీరమ్మ. "నలభై ఏండ్లల గీ ముసలోడు ఒక్కనాడన్న శోభ జూడకపాయె. జర జల్దియ్యి, ఊట పూడిపోతది. మూగజీవాలు ఏం తాగుతయి?"

"మూడు వారాలకు నంబరొస్తదమ్మా."

రోజుకు ఇరవై మంది ఎవరెవరని నేను మెల్లగా అడిగాను. పద్దెనిమిది మంది పరిశీలక సంఘం వారట, ఇద్దరు ప్రజలట. గుట్టమీద జనం ఎక్కువవుతున్నారేమోనని చూడటానికి సంఘం వారు రోజూ వెళ్తున్నారు. భార్యాపిల్లలతో వెళ్తే మరింత బాగా కనబడుతుందని అలాగే వెళ్తున్నారు. శ్రద్ధ అంటే అది.

నేను పై అధికారి సదాశివరావుగారిని కూడా కలిశాను. మొగులయ్యను చూడగానే ఆయన లేచి నిలబడి నమస్కరించారు.

"మీవంటి వారి వల్లనే అడవి నిలిచింది. ఇప్పుడు మీకు మినహాయింపు ఇస్తే, ఎవరి మీద ప్రేమతో రూలు పెట్టామో వారే దాన్ని తీసేసినట్టవుతుంది. మీరు అర్థం చేసుకోవాలి" అన్నారు.

"అర్థమైంది సారూ. గని జింకలకు అర్థంగాదు గదా" అన్నాడు మొగులయ్య.

సదాశివరావుగారు ఆ మాటను ఎంతో మెచ్చుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

మా ఇంటి అరుగుమీద ఆ దంపతులు రోజులు లెక్కపెట్టారు. మా ఆవిడ వసుమతి అన్నం పెడితే వీరమ్మ సగం వదిలేసేది. శివుడు ఇదంతా ఎందుకు చూస్తున్నాడో నాకు తెలియలేదు. ఆయనకూ ఏదో రూలు ఉండవచ్చు.

మూడో వారం మంత్రిగారు స్వయంగా పదకొండు జీపులతో గుట్టను తనిఖీ చేసి వచ్చారు. పేపర్లో పడింది. నేను చదివి వినిపించాను.

"చెలిమె చుట్టూ మనిషి అడుగు ఒక్కటైనా లేదు. జంతువు అడుగు సైతం లేదు. రక్షణ సంపూర్ణమైనదని ప్రకటించుటకు సంతోషిస్తున్నాము."

మొగులయ్య మళ్ళీ చదవమన్నాడు. చదివాను. వీరమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

అంతలో బాలకిషన్ పాసు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. నంబరు రావడానికి ఇంకా రెండు రోజులున్నా తెచ్చాడు.

"తీసుకో పెద్దాయనా. ఇప్పుడు గాడ రద్దీ లేదు. పరిశీలక సంఘం గుడ పోతలేదు. ఎన్ని దినాలన్న ఉండు."