తాగని గహ్వా

పొద్దున్నే ఫెర్రీ దిగడం, సముద్రపు పార్కుకు వెళ్లడం, నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నంతసేపు మడ అడవి వెంబడి నడవడం, సాయంత్రం ఫెర్రీకి తిరిగి రావడం. మస్తాన్ వలీ వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని అతని ధీమా.

సౌదీలోని అభాలో కార్ల స్పేర్ పార్టుల షాపు చూసుకునే మస్తాన్ వలీకి ఈ నడక చాలా ముఖ్యం. విజిట్ వీసా మీద వచ్చిన భార్య హఫ్సాకు రేపు ప్రొద్దుటూరుకు తిరుగు ప్రయాణం. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె చూసింది గోడలు, ఏసీ, మళ్లీ గోడలు. "ఇంగ ఈ దేశానికి రాను గాక రాను" అని తేల్చి చెప్పేసింది. ఆ మాట వెనక్కి తీసుకునేలా చేయడానికి అతనికి ఈ ఒక్క రోజే మిగిలింది.

ఫరసాన్ దీవి మొదట అతని పక్షానే నిలిచింది. సముద్రం నెమలి మెడలా మెరుస్తోంది. ఒక జింక రోడ్డు దాటుతూ ఆగి, వీళ్లను తీరిగ్గా చూసి పోయింది. "ఓయబ్బా, ఎంత సక్కగుందో!" అంది హఫ్సా.

నడకదారి మాత్రం కనబడలేదు. ఒడ్డున ఈతాకుల పందిరి కింద కూర్చున్న ముసలి జాలరి అబూ ఫహద్‌ను మస్తాన్ వలీ దారి అడిగాడు. అక్కడ కూర్చోనిదే మాట లేదు. ముసలాయన భార్య హఫ్సాను తన చాప మీదికి పిలుచుకుంది. మస్తాన్ వలీ చేతికి చిన్న కప్పులో ఏలకుల వాసనతో అరబ్బుల కాఫీ, గహ్వా వచ్చింది.

ఇన్నేళ్లలో అతను షాపు కౌంటర్ దగ్గర పేపర్ కప్పులో టీ తాగడమే గానీ, ఏ సౌదీ పందిరి కిందా అతిథిగా కూర్చోలేదు. అందుకే ఊరి మర్యాదే పాటించాడు. పెద్దాయన తాగకముందు తాను తాగడమా? కప్పు కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అబూ ఫహద్ ముఖం మారిపోయింది. వాళ్ల ఆనవాయితీలో అతిథి గహ్వా ముట్టకుండా కింద పెట్టాడంటే ఏదో పెద్ద కోరికతో వచ్చాడని అర్థం. తీరుస్తానని మాట ఇస్తే గానీ తాగడు. తాగకుండా లేచిపోతే ఇంటివాడి పరువు పోయినట్టే. ఆయన కంగారుగా ఫోన్ చేసి తమ్ముణ్ని పిలిచాడు. ఆ తమ్ముడు కప్పును చూసి ఇంకో తమ్ముణ్ని పిలిచాడు. పిల్లనడగడానికి వచ్చాడని ఒకరు, ఎవరినో కొట్టి శరణు కోరి వచ్చాడని మరొకరు గుసగుసలాడారు. ఎందుకైనా మంచిదని ఒక మేకను కూడా తోలుకొచ్చారు.

ఇంతమంది పెద్దలు తాగాకే తన వంతు అనుకుని మస్తాన్ వలీ మరింత ఒద్దికగా సర్దుకున్నాడు.

"ఏమయ్యా, దావ అడిగొస్తానని ఈడ పంచాయితీ పెట్టినావా? నీళ్లు ఎక్కుతాండాయి సూడు!" అని అరిచింది హఫ్సా.

"ఉండు హఫ్సా! పెద్దోళ్లు ఇంగా తాగలేదు. మనం లేస్తే ఏం బాగుంటాది?"

చూస్తుండగానే నడకదారి కాస్తా మునిగిపోయింది. అప్పుడు అబూ ఫహద్ లేచి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నా పడవ కావాలన్నా, ఇల్లు కావాలన్నా నీ కోరిక తీరినట్టే. అడుగు. తాగు!"

అప్పటికి గానీ మస్తాన్ వలీకి సంగతి అర్థం కాలేదు. కోరికేమీ లేదంటే ఇంతమందిని పిలిచిన పెద్దాయన తల ఎత్తుకోలేడు. అవతల హఫ్సా మునిగిన దారిని చూస్తూ పెదవులు బిగించి నిలబడి ఉంది. షాపులో నేర్చిన అరబ్బీలోనే అడిగేశాడు. "నా భార్య రేపు వెళ్లిపోతోంది. ఆమెకు మడ అడవి చూపించండి." అని, చల్లారిన గహ్వాను గుటుక్కున మింగాడు.

"ఇంతేనా! దీనికా నా తమ్ముళ్లంతా వచ్చింది?" అని చిన్నబుచ్చుకుంటూనే ముసలాయన పడవ తోశాడు.

నీళ్లు నిండబట్టే పడవ అడవి లోపలికి పోగలిగింది. నడిచి వెళ్లుంటే ఆ చోటు కనబడేదే కాదు. ఉప్పునీళ్లలో నిలబడి అంత పచ్చగా ఎలా బతుకుతున్నాయో ఆ చెట్లు! వేళ్ల సందుల్లో చేపపిల్లలు వెండి రజనులా చెదిరిపోతున్నాయి. ఇంజిన్ ఆపగానే తమ ఊపిరి తమకే వినిపించింది. మలుపు తిరిగేసరికి వందల ఫ్లెమింగోలు ఒక్కసారిగా లేచాయి. ఆకాశం గులాబీ రంగుకు తిరిగింది. మస్తాన్ వలీకి కళ్లలో నీళ్లు వచ్చాయి.

హఫ్సా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "యా అల్లా! ఇంత అందం ఈడ పెట్టుకోని, నన్ను గోడల మధ్య కూర్చోబెట్టినావా అయ్యా!"

అబూ ఫహద్‌కు మాత్రం ఇంకా తృప్తి లేదు. "ఇది లెక్కలోకి రాదు. వచ్చే ఏడు సరైన కోరికతో రా" అన్నాడు. మస్తాన్ వలీ భయపడుతూనే ఆ మాట తెలుగులో చెప్పాడు.

"వస్తామని జెప్పు" అంది హఫ్సా పక్షుల మీంచి చూపు తిప్పకుండా. "పిల్లోళ్లను గూడా తెస్తామని జెప్పు."

పడవ ఒడ్డు చేరేలోపే వచ్చే ఏటి ప్రయాణం ఖాయమైపోయింది. కోరిక ఏమిటన్నదే ఇంకా తేలాలి.