రైలు ఆగని ఊరి వైభోగం

రైలు ఆగే ఊళ్ళను చూసి జాలిపడాలి. ఎవరు పడితే వాళ్ళు సంచీ పట్టుకుని దిగిపోతారు. దిగినవాళ్ళు ఊరికే పోతారా? చుట్టాలమంటారు, నాలుగు రోజులుంటారు, పోయేటప్పుడు ఊరగాయ జాడీ వైపు చూస్తారు. రైలు ఆగకుండా దూసుకుపోయే ఊరికి ఈ బెడద లేదు. దేశాభివృద్ధి అంతా కళ్ళముందు నుంచే పోతుంది, గుమ్మంలోకి మాత్రం అడుగు పెట్టదు. మర్యాదస్తుల లక్షణం అది.

బెజవాడకీ హనుమాన్ జంక్షన్‌కీ నడుమనున్న గంగిపాలేనికి ఈ భాగ్యం డెబ్బయ్యారులో పట్టింది. రైళ్ళు టైముకు నడుస్తున్నాయని అందరూ గట్టిగా చెప్పుకుంటున్న రోజులవి. మిగతా సంగతులు అంత గట్టిగా చెప్పుకోని రోజులు కూడా.

అంతకుముందు అక్కడొక హాల్టు ఉండేది. ఒక సిమెంటు బల్ల, ఊరి పేరు రాసిన పలక, అంతే. పాసింజరు బండి పొగ కక్కుకుంటూ వచ్చి ఆగేది. ఆగాక, ఎందుకాగానా అని ఆలోచిస్తున్నట్టు కాసేపు అలాగే ఉండేది. ఆ కాసేపట్లో శౌరమ్మ జామకాయలమ్మేది.

శౌరమ్మ ఇల్లు ఊరి చివర, చర్చి పక్కన. మొగుడు బాలశౌరి కూలిపనికి పోతాడు, మాట తక్కువ మనిషి. ఆయన మాట్లాడని మాటలు కూడా శౌరమ్మే మాట్లాడేది. బండి కదిలిపోతున్నా కిటికీ వెంట నడుస్తూ, "ఉప్పూకారం మరిచిపోయారండీ" అని పొట్లం లోపలికి విసిరేది. ఆ బండిలో రోజూ బెజవాడ పోయే గుమాస్తాలు ఆమె గొంతు వింటే గంగిపాలెం వచ్చిందని నిద్ర లేచేవాళ్ళు.

అప్పుడు కొత్త ఎక్స్‌ప్రెస్సు వచ్చింది. డీజిలింజను. మద్రాసు వైపు నుంచి కలకత్తా వైపు పోతుంది, మహా పట్నాల్లో తప్ప ఆగదు. పంచాయతీ ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు గారు మొదటి రోజు బంతిపూల దండ పట్టుకుని రైలు కట్ట పక్కన నిలబడ్డారు. రైలు రావడమూ పోవడమూ ఒక్కసారే జరిగాయి. దండ ఆయన చేతుల్లోంచి ఎగిరి బోదెలో పడింది.

"స్వీకరించింది," అన్నారాయన కండువా సర్దుకుంటూ.

అంతటి వేగానికి గంగిపాలెంలో రెండు అడ్డంకులుండేవి: హాల్టు, పట్టాలు దాటే చోట గేటు. రెండూ తీసేశారు. హాల్టు సంగతి సరే, గేటెందుకు తీసేశారంటారా? గేట్ల దగ్గర ప్రమాదాలు జరుగుతున్నాయని. గేటే లేకపోతే గేటు ప్రమాదం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంత సులువైన సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టకపోవడమే ఆశ్చర్యం.

బళ్ళు చుట్టుతిరిగి ఎక్కడో దూరానున్న గేటు మీదుగా పోవాలన్నారు. మనుషుల సంగతి ఎవరూ ఏమీ అనలేదు. ఇళ్ళు కట్టకు ఇవతల ఉన్నాయి. బస్సు రోడ్డు, బడి, డాక్టరు, పొలాలు అవతల ఉన్నాయి. అందుచేత మనుషులు పట్టాలు దాటడం మొదలుపెట్టారు.

దానివల్ల ఊరు బాగుపడిందా లేదా? నడుము నొప్పని మంచం దిగనివాళ్ళు కంకర మీద లేగదూడల్లా గంతులేశారు. చర్చికి పోయేవాళ్ళూ, చౌడేశ్వరీ దేవికి మొక్కే నేతవాళ్ళూ, అందరూ పట్టా మీద కాలు పెట్టేముందు దేవుణ్ణి తలుచుకున్నారు. ఇంత భక్తి ఏ స్వాములవారి వల్ల పుట్టింది?

ఇక శౌరమ్మకు రైలు విశ్రాంతినిచ్చింది. హాల్టు లేకపోతే బండి ఆగదు, బండి ఆగకపోతే జామకాయలు కొనేవాళ్ళుండరు. ఆ వయసులో ఎంతమందికి దొరుకుతుంది అంత తీరిక?

కొన్నాళ్ళకు ఆమె గేదె కూడా పోయింది. కట్ట మీద గడ్డి మేస్తూ మేస్తూ పట్టాల మీదికెక్కింది. ముందైతే పొగ కనిపించేది, చుక్ చుక్‌మని ఊరంతా వినిపించేది. ఈ కొత్త ఇంజను సరుగుడు తోపు మలుపు తిరిగాక గానీ కనిపించదు, కనిపించాక ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వదు. గేదె తలెత్తి చూసే వేళకే అంతా అయిపోయింది.

శౌరమ్మ ఏడ్చింది. ఏడుపు అయ్యాక చాలాసేపు ఆ మలుపు వైపే చూస్తూ కూచుంది. బాలశౌరి ఇంటికి రమ్మని పిలిచాడు.

"దానికి అంతంత చెవులున్నాయి కదయ్యా," అంది. "దానికే వినపళ్ళేదు. మనవాళ్ళకేం వినపడుతుంది?"

మర్నాటి నుంచి జామకాయల గంప తీసుకుపోయి, మలుపు అవతలి దాకా కనిపించే చోట బోర్లించి దానిమీద కూచుంది. చేతిలో పాత ఎర్రచీర ముక్క. రైలు తోపు వెనక మెదిలితే చాలు, గుడ్డ ఊపుతూ కేకపెట్టేది. కిటికీల వెంట తిరిగి తిరిగి అరిచిన గొంతు అది. ఆ కేకకి కట్టెక్కబోయే మనిషి ఆగకపోయినా, అవతల రోడ్డు మీద పోయే సైకిలు ఆగేది.

ఊరివాళ్ళకు మొదట్లో చిరాకేసింది. "నీకేమన్నా జీతమిస్తున్నారా శౌరమ్మా?" అనేవాళ్ళు. అందరికన్నా ఎక్కువ విసుక్కున్నవాడు పాండురంగయ్య. పెద్ద నేతగాడు. ఏళ్ళ తరబడి మగ్గం మోతలో ఉండి ఆయన చెవులు కొంచెం మందగించాయి. ఇంటిముందు జాగా చాలక, మగ్గానికెక్కించే పడుగు నూలు బారుగా సాగదీసి గంజి పట్టించడానికి రోజూ కట్టకు అవతలి ఖాళీ జాగాకు పోయేవాడు. శౌరమ్మ నోరు తెరిచిందంటే చాలు, తననే తిడుతోందని ఆయన అనుమానం.

ఒక పొద్దున ఆయన పడుగు చుట్ట భుజాన వేసుకుని పట్టాల మధ్యకొచ్చేసరికి నూలు కొస జారి పట్టా కింద బోల్టుకు చిక్కుకుంది. వంగి విడదీస్తున్నాడు. శౌరమ్మ కేకపెట్టింది. ఆయన తలెత్తకుండానే, "వస్తున్నాలే, నువ్వూ నీ గోలా" అన్నాడు.

శౌరమ్మ గుడ్డ పారేసి పరిగెత్తింది. ఆయన పంచె గోచీ దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ కట్ట మీంచి కంకరతో పాటు దొర్లి కిందపడ్డారు. పైన రైలు పోయింది. దాంతోపాటు పడుగూ పోయింది. ఆ నూలు కలకత్తా దాకా వెళ్ళే ఉంటుంది. గంగిపాలెం నేత అంత దూరం పోవడం అదే మొదలు.

దుమ్ము అణిగాక పాండురంగయ్య లేచి కూచుని, "నా పడుగు" అన్నాడు.

"నా చెయ్యి" అంది శౌరమ్మ.

అన్నేళ్ళలో శౌరమ్మ పాండురంగయ్య గారి అరుగు దాటి లోపలికి పోయింది లేదు. రమ్మన్నవాళ్ళూ లేరు. ఆ రోజు ఆయన భార్య చౌడేశ్వరమ్మ గారు ఎదురొచ్చి, నడుం పట్టుకుని లోపలికి తీసుకుపోయి, నడవాలో మంచం వాల్చి పడుకోబెట్టింది. డాక్టరు వచ్చేదాకా పక్కనే కూచుని విసనకర్రతో విసిరింది. ఎందరు పెద్దమనుషులు ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా కానిది డీజిలింజను ఒక్క ఊపులో చేసేసింది. మరి రైలు వల్ల ఊళ్ళో ఐకమత్యం పెరగలేదని ఎవరనగలరు?

చేతికి కట్టు కట్టాక ప్రెసిడెంటు గారు, పాండురంగయ్య, శౌరమ్మ ముగ్గురూ బస్సెక్కి బెజవాడలో రైలు వాళ్ళ పెద్దాఫీసుకు పోయారు. పట్టాల మీదుగా మనుషులు నడిచే వంతెన ఒకటి కావాలని అడగడానికి. అక్కడి ఆఫీసరు మంచివాడు. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు.

"వంతెన చాలా మంచి ఆలోచనండీ. మీ దగ్గర ఎంతమంది పోయారు?"

"ఎక్కడికండీ?" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

"అదేనండీ, రైలు కింద."

"మా ఊళ్ళో ఎవరూ పోలేదండీ," అన్నారు ప్రెసిడెంటు గారు, కాస్త గర్వంగానే.

ఆఫీసరు ముఖం చిన్నబోయింది. "ఒక్కరు కూడానా?"

"గేదె పోయింది బాబూ," అంది శౌరమ్మ.

"గేదెలు లెక్కలోకి రావమ్మా."

"పోనీ ఈ చెయ్యి చూడండి."

"రైలు తగిలిందా?"

"ఈయనకి తగలబోయింది. లాగబోయి పడ్డాను."

"అయితే పడ్డం వల్ల విరిగింది. దానికి రైలేం చేస్తుందమ్మా?" ఆయన నిజంగానే బాధపడ్డాడు. "వంతెన అవసరమైన చోటే కడతాం. అవసరముందని మాకు తెలియాలి కదా? ఒక్క కేసున్నా నేనే పైవాళ్ళతో మాట్లాడేవాణ్ణి. మీరు మరీ ఏమీ లేకుండా వచ్చారు."

తిరుగుబస్సులో రామకోటేశ్వరరావు గారు, "ఆయన చెప్పిందీ న్యాయంగానే ఉంది" అన్నారు. శౌరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది.

అయితే ఆఫీసరు వాళ్ళను మరిచిపోలేదు. భద్రతా వారోత్సవాల్లో గంగిపాలేనికి షీల్డు ప్రకటించారు. గేటు లేకపోయినా ఒక్క ప్రమాదమూ జరగని ఊరని. రోడ్డు పక్కన పందిరి వేసి సభ పెట్టారు. ఆఫీసరు మాట్లాడుతూ, "ఇంత క్షేమమైన చోట రైలు నెమ్మదించడం అనవసరం. వచ్చే నెల నుంచి ఈ మలుపు దగ్గర వేగం ఇంకా పెంచుతున్నాం. ఇది మీ క్రమశిక్షణకు మేమిచ్చే గౌరవం" అన్నాడు. ప్రెసిడెంటు గారు ముందు చప్పట్లు కొట్టి, తరవాత అర్థం చేసుకున్నారు.

శౌరమ్మ సభలో లేదు. సభకు వచ్చేవాళ్ళను పట్టాలు దాటించే పనిలో ఉంది.

ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఊరివాళ్ళు కూచున్నారు. షీల్డు బల్ల మీద మెరుస్తోంది. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. చివరికి పాండురంగయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క కేసు చాలన్నాడు కదా. పెద్దవాణ్ణయ్యాను. మగ్గం మీద కూచుంటే మోకాళ్ళు లేవనీయడం లేదు. నేను పోతాను."

ఆయన ఆ మాట బజారుకు పోయొస్తానన్నట్టు అన్నాడు. చౌడేశ్వరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శౌరమ్మ లేచి నిలబడింది. "పాండురంగయ్య గారూ, మిమ్మల్ని లాగబట్టే ఈ చెయ్యి ఇట్టాగయ్యింది. ఇంకో చెయ్యి బాగానే ఉంది. మీరు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు లాగుతాను. మీ శవం మీద నడిచి అవతలికి పోవాల్సిన ఖర్మ మాకేం పట్టలేదు."

అంతటితో సభ ముగిసింది. మర్నాడు శౌరమ్మ గంప దగ్గరికి పోయేసరికి చౌడేశ్వరమ్మ గారు పీట వేసుకుని ముందే కూచునుంది, చేతిలో ఎర్ర రవికెగుడ్డ పెట్టుకుని. ఆ తరవాత ఊళ్ళో ఆడవాళ్ళంతా వంతులేసుకున్నారు. పాండురంగయ్య కూడా కూచుంటానన్నాడు గానీ, చెవుల సంగతి గుర్తుచేసి వద్దన్నారు.

పక్క ఊరు కొత్తవరంలోనూ గేటు తీసేశారు. అక్కడ గంప వేసుకుని కూచునేవాళ్ళు లేరు. వరినాట్ల కాలంలో హన్నా అనే అమ్మాయి, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, నారుకట్ట నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటుతోంది. వాన పడుతోంది. నారుకట్ట మీద గోనెపట్టా కప్పుకుంది, అది ముఖం పక్కకు జారింది. ఆమెకు రైలు కనిపించలేదు.

కబురు తెలిసి శౌరమ్మ కొత్తవరం పోయింది. హన్నా ఆమెకేమీ కాదు, ఎప్పుడూ చూసింది కూడా లేదు. ఆ పిల్ల అత్త కాళ్ళ దగ్గర కూచుని సాయంత్రం దాకా ఏడ్చి వచ్చింది.

వంతెన వెంటనే మంజూరైంది. ఆఫీసరు మాట తప్పే మనిషి కాదు. ఏడాది తిరక్కుండానే కొత్తవరం పట్టాల మీద తెల్లటి వంతెన లేచింది. ప్రారంభానికి గంగిపాలెం వాళ్ళను కూడా పిలిచారు. ఆఫీసరు శౌరమ్మను గుర్తుపట్టి దగ్గరికొచ్చి పలకరించాడు.

"చూశావామ్మా, అర్హతంటూ ఉంటే పని ఎంత త్వరగా అవుతుందో?"

శౌరమ్మ మెట్లెక్కి పైదాకా పోయింది. కాళ్ళ కింద నుంచి రైలు పోతుంటే కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎవరినీ ఆపాల్సిన పని లేకుండా రైలును చూడడం ఆమెకు చాలా రోజుల తరవాత అదే మొదటిసారి. దిగివచ్చి, మెట్ల మొదట్లో గోడకు తాపిన పాలరాతి పలక ముందు ఆగింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాశారో కాస్త చదవండయ్యా," అంది పాండురంగయ్యతో.

ఆయన చదివాడు. మంత్రిగారి పేరు, ఆయన కింద పెద్దాఫీసరు గారు, ఆ కింద చిన్నాఫీసరు గారు, ఇంజనీరు గారు, అందరికన్నా కింద కాంట్రాక్టరు గారు.

"ఆ పిల్ల పేరేదీ?"

"లేదమ్మా."

"మళ్ళీ చూడండి."

పాండురంగయ్య రాతి మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసా మళ్ళీ చూశాడు. "లేదు శౌరమ్మా."

"మరి దీన్ని కట్టించింది ఆ పిల్లే కదా," అంది శౌరమ్మ.

ఇద్దరూ బస్సు అందుకోవడానికి గబగబా నడిచారు.

గంగిపాలేనికి మాత్రం ఇంతవరకు వంతెన రాలేదు. దానికి రైలు వాళ్ళనేమీ అనడానికి లేదు. ఊరివాళ్ళలోనే లోపముంది. ఎంతసేపూ ఒకళ్ళనొకళ్ళు కాపాడుకుంటూ కూచుంటే వంతెన ఎలా వస్తుంది?