అప్పులేని చేతికి తాళంచెవి

"అప్పున్నవాడు శత్రువుకు సగం అమ్ముడుపోయినట్టే! ఇకనుంచి అలాంటివాడెవడూ రహస్య ఫైలు ముట్టుకోడానికి వీల్లేదు" అని రక్షణ మంత్రిగారు ప్రకటించారు. నాకు ఒళ్లు పులకరించింది. వారి ఆఫీసు గేటు పక్కన ఇరవయ్యేళ్లుగా టీ కొట్టు నడుపుతున్నాను. దేశం గురించి ఇంతగా బెంగపెట్టుకున్న మంత్రిని ఎరగను.

ఆ ఆఫీసులో రహస్య ఫైళ్ల గదికి తాళం వేసేది, తీసేది మా బావ. స్నానం చేసేటప్పుడు కూడా తాళంచెవి మెడలోనే. ఆ గదిలో ఏముందో పద్దెనిమిదేళ్లలో మా అక్కకి కూడా చెప్పలేదు.

మర్నాడే విచారణాధికారిగారు ఫారాల కట్టతో దిగారు. టీ ఇవ్వడానికి వెళ్లినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను.

"అప్పులున్నాయా?" అని బావని అడిగారు.

"ఒకటుందండీ. మా ఆవిడ ఆపరేషనుకి బ్యాంకులో తీసుకున్నాను. జీతం ఆలస్యమై రెండు వాయిదాలు తప్పాయి."

"జీతం ఎవరు ఆలస్యం చేశారు?"

"మన ఆఫీసేనండీ."

"దానికి ఫారంలో గడి లేదు. రేపు శత్రువొచ్చి ఆ వాయిదాలు నేను కడతానంటే?"

"ఇన్నేళ్లలో ఎవరూ రాలేదండీ."

"అదే నా అనుమానం!" అంటూ అధికారిగారు ఎర్ర సిరాతో గీత కొట్టారు.

బావ తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. ఆయన్ని పాత కుర్చీల గోదాముకి మార్చారు. గది కాపలాకిచ్చే భత్యం పోయింది గనక మూడో వాయిదా కూడా తప్పడం ఖాయం. అక్క మొహం చూడలేకపోయాను. అయినా దేశం ముందు అక్క ఎంత?

మంత్రిగారు ఆదర్శంగా తన ఫారం తానే నింపారు. అప్పు నిల్. తన ఫ్యాక్టరీకి అప్పు తెచ్చిన కోట్లన్నీ అత్తగారి పేరున ఉన్నాయి. ఆవిడకి చత్వారం, ఎలాగూ ఫైళ్లు చదవలేరు.

ఇక గదికి కొత్త మనిషి కోసం ఆఫీసంతా జల్లెడ పట్టారు. ఒకరికి ఇంటి లోను, ఒకరికి బండి లోను. నాలుగు వందలమందిలో డిస్పాచ్ గుమాస్తా ఒక్కడే మిగిలాడు. చేబదులు అడిగిన ప్రతిసారీ 'సోమవారం ఇచ్చేస్తా' అంటాడు గనక అతన్ని అందరూ సోమవారం అనే పిలుస్తారు. చేబదులుకి కాగితం ఉండదు, ఫారంలో గడీ లేదు.

"బ్యాంకు అప్పు?" అన్నారు అధికారిగారు.

"ఒక్కటీ లేదండీ. ఏడు బ్యాంకులు తిరిగాను, ఎవరూ ఇవ్వలేదు."

"మచ్చలేని మనిషి!" అన్నారు అధికారిగారు గద్గదంగా.

మంత్రిగారు స్వయంగా తాళంచెవి అందించారు. ఫోటోలు తీశారు. నేను చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

సాయంత్రం సోమవారం మా కొట్టుకొచ్చి రెండు బన్నులు తిని, టీ తాగి, సిగరెట్ పెట్టె తీసుకున్నాడు.

"రాసుకో బాబాయ్, సోమవారం ఇచ్చేస్తా."

"నీకు అరువివ్వనని ఎప్పుడో చెప్పాను కదా."

"ప్రభుత్వమే నమ్మింది, నీకు నమ్మకం లేదా?" అని నొచ్చుకుని, జేబులోంచి తాళంచెవి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. "పోనీ, ఇది తాకట్టుంచుకో."

రెండు సోమవారాలు గడిచాయి. తాళంచెవి పంచదార డబ్బా పైన మేకుకి వేలాడుతోంది. గది తియ్యాల్సినప్పుడు సోమవారం వచ్చి పట్టుకెళ్లి, మళ్లీ తెచ్చి తగిలిస్తాడు. వచ్చినప్పుడల్లా ఓ టీ రాయిస్తాడు.

నిన్న సూటు వేసుకున్న పెద్దమనిషెవరో వచ్చారు. ఈ ఊరివారిలా లేరు. సోమవారం బాకీ మొత్తం తనే కట్టి, ఆ తాకట్టు విడిపించుకుంటానన్నారు. చిల్లర కూడా ఉంచుకోమన్నారు.

పాపం, మా బావ దగ్గరికి పద్దెనిమిదేళ్లలో ఇలాంటి మర్యాదస్తుడు ఒక్కడూ రాలేదు.