స్వాగతం చెప్పి చెప్పి అరిగిపోయిన మిషను

మసకబారిన డిస్‌ప్లే రైతుకు పెద్ద వరం! నవ్వకండి. నేను ఆషామాషీగా మాట్లాడే మనిషిని కాను.

నరసన్నపేట అవతల ఒక ధాన్యం కొనుగోలు కేంద్రం ఉంది. అక్కడ ధాన్యంలో తేమ చూసే మిషను ఒకటుంది. తేమ పదిహేడు శాతం దాటితే బస్తాలు వెనక్కే. ఆ అంకె చూపించడానికి మిషను ముఖాన ఓఎల్ఈడీ అనే చిన్న డిస్‌ప్లే పెట్టారు. ఈ ఏడు అది మసకబారింది. పట్టపగలు ఎంత కళ్లు చించుకున్నా ఏమీ కనబడదు.

ఎంత మేలో చూడండి! అంకె కనబడితే రైతు చదువుతాడు. చదివితే ప్రశ్నిస్తాడు. ప్రశ్నిస్తే మిషను దగ్గర కూర్చునే తిరుమలరావుకు బీపీ పెరుగుతుంది. ఒక ఉద్యోగి ఆరోగ్యం కంటే అంకె ఎక్కువా?

పోనీ, పని ఆగిందా? లేదే! తిరుమలరావు గుప్పెడు గింజలు మిషనులో పోస్తాడు, మీట నొక్కుతాడు, ఆకాశం వంక చూసి "పందొమ్మిది" అంటాడు. పెద్ద రైతుకూ పందొమ్మిదే, కౌలు రైతుకూ పందొమ్మిదే. పదహారని రాస్తే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారట. పందొమ్మిదికి ఎవరూ ఏమీ అడగరు. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడైనా ఉందా?

ఈ చల్లని పాలనలో నిప్పులు పోసింది తవిటమ్మ. ఎకరంన్నర సాగు ఆమెది. పండిందంతా నాలుగు రోజులుగా కేంద్రం ముందే టార్పాలిన్ మీద ఆరబోసుకుని కూర్చుంది. రోజూ ఎండ, రోజూ పందొమ్మిది. అయిదోనాడు వాయుగుండం వస్తోందని సెల్‌ఫోన్లు మోగాయి. వాన పడితే గింజ మొలకెత్తిపోతుంది. ఏడాది కష్టం మట్టిపాలవుతుంది.

"ఏటి బాబూ, నాల్రోజుల ఎండకి నా ఈపు మాడిపోనాది గానీ గింజ ఆరనేదా?" అంది.

"నానేటి సేస్తాను పిన్నీ? మిషను సెప్పింది."

"మిషను సెప్పింది నువ్వు సూసినావేటి?"

ఎంత అమర్యాద! వెనకున్న రైతులు కూడా గొంతు కలిపారు. ఇక తప్పక మరమ్మతు మొదలైంది. ముందు మిషను నెత్తిన రెండు దెబ్బలు వేశారు. తర్వాత డిస్‌ప్లేని తుండుగుడ్డతో తుడిచారు. హెల్ప్‌లైన్ వాళ్లు ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. తిరుమలరావు ససేమిరా అన్నాడు. ఆపితే మళ్లీ లేవదేమోనని కొన్నప్పటి నుంచి దాన్ని ఆపనే లేదట.

చివరికి నరసన్నపేటలో టీవీలు బాగుచేసే గోపి వచ్చి మూత విప్పాడు.

"దీనికి ఎనకాతల లైటుండదు మావా. సుక్క సుక్కా సొంతంగా ఎలగాలి. ఏళ్ల తరబడి ఒకే రాత సూపిస్తే ఆ సుక్కలు అరిగిపోతాయి. కాళీగా ఉన్నప్పుడు ఏటి సూపించీవోరు?"

"వెల్‌కమ్ ఫార్మర్" అన్నాడు తిరుమలరావు గర్వంగా.

మూడేళ్లు! గింజ లేని మండు వేసవిలో కూడా, తాళం వేసిన గదిలో, ఎదురుగా బల్లి తప్ప ఇంకో ప్రాణి లేకున్నా, ఆ మిషను రైతుకు స్వాగతం పలుకుతూనే ఉంది. అంకె రావలసిందీ ఆ వరసలోనే. అదే అరిగింది. ఇంత మర్యాద ఏ మామగారు ఏ అల్లుడికి చేశాడండీ?

"ఆ వెల్‌కమ్ తీసెయ్ ముందు. కొత్త డిస్‌ప్లే వచ్చీవరకూ ఉన్నదైనా నిలబడతాది" అన్నాడు గోపి.

"అమ్మో, పైవోళ్ల ఆర్డరది!"

"మరి నీ ఇష్టం. ఎండలో కనపడదు గానీ, సీకట్లో కనపడతాది."

తవిటమ్మకు ఆ మాట చాలు. మిషనులో గింజలు పోయించి, ఒక గోనెసంచి తీసి మిషనుతో సహా నెత్తిన కప్పుకుంది. లోపలి నుంచి కేక వినబడింది.

"పదారు! పదారు పాయింటు రెండు!"

"నీకు సరిగ్గా కనపడనేదు పిన్నీ."

"అయితే నువ్వే దూరు!"

వెనక ముప్పై మంది చూస్తుండగా తిరుమలరావు గోనెసంచిలో తల దూర్చాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి జుట్టు నిండా ఊక. "పదారే" అన్నాడు, ఎవరికీ వినబడకుండా. తవిటమ్మ వినబడేలా చెప్పించింది. మధ్యాహ్నానికి ఆమె ధాన్యం లారీ ఎక్కింది. వెనకవాళ్లంతా అదే గోనెసంచి కప్పుకుని ఎవరి అంకె వాళ్లు చదువుకున్నారు. ఒక్కరికీ పందొమ్మిది రాలేదు. మర్నాడు కురిసిన వాన ఖాళీ టార్పాలిన్ల మీద పడింది.

క్రమశిక్షణ గంగలో కలిసిందని నేను కుమిలిపోయాను. అదృష్టవశాత్తూ పైవాళ్లు వారం తిరక్కుండా మేలుకున్నారు. కొత్త డిస్‌ప్లే పంపారనుకుంటున్నారా? బోర్డు పంపారు! "మిషను వద్దకు గోనెసంచులతో రాకూడదు" అని, మూరెడేసి ఎర్రటి అక్షరాలతో. ధాన్యం అమ్మే చోటికి గోనెసంచి లేకుండా ఎలా రావాలని తవిటమ్మ అడిగింది. బోర్డు చదువుకోమన్నారు.

ఆ బోర్డుకు మసక లేదు, అరుగుదల లేదు. హైవే మీద పోయే లారీ డ్రైవరు కూడా వేగం తగ్గించకుండా చదువుకోవచ్చు. దాని కిందే ఆ మిషను ఇప్పటికీ రైతుకు స్వాగతం చెబుతోందట. కనబడటం లేదంతే.