దృష్టి రథంలో చిక్కన్నగారి పటం

మా తాలూకా సర్వతోముఖ నేత్రాభివృద్ధి సమితి అధ్యక్షులు చిక్కన్నగారు నాగలమడికలో మైకు పట్టుకుని, "సూర్య భగవానుడు కూడా ఈపొద్దు నుంచీ మన సమితిలో మెంబరే" అని ప్రకటించారు. ఏళ్ల తరబడి రోజూ పొద్దున ఆ సూర్యుడికి అర్ఘ్యం వదులుతున్న నాకు ఈ సంగతి ముందుగా తెలియనందుకు సిగ్గేసింది. చప్పట్లు కొట్టాను.

ప్రకటన వెనక నిలబడి ఉన్నది ఒక కరెంటు వ్యాను. పేరు దృష్టి రథం. సోలార్ పార్కు పక్కన చార్జింగ్ పెట్టుకుని, ఊళ్లలో కంటికి పొర కమ్మినవాళ్లను ఆరుగురు చొప్పున పావగడ కంటి శిబిరానికి చేర్చాలి. రథంలో వచ్చినవారికే ఆపరేషన్ అని ఆర్డరు. బస్సులో వచ్చిన కన్ను చెల్లదు.

శుక్రవారం జాబితాలో ఆరో పేరు నా భార్య రంగక్కది. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడే. ఆమెకు బియ్యంలో రాళ్లు కనపడటం ఎప్పుడో మానేశాయి. తినేవాణ్ణి నేను గనుక ఆ విషయం నాకే బాగా తెలుసు.

రథం మూడు రోజులు గతుకుల మీద దివ్యంగా తిరిగింది. నాలుగో రోజు, మంగళవారం, మా వీధి మొదట్లో ఆగిపోయింది. డ్రైవరు గంగప్ప ముందున్న తెర మీద ఎర్రగా ఒక మాట పడింది. పవర్ కన్వర్టర్ మాడ్యూల్ నుంచి జవాబు రావడం లేదట.

"జవాబు ఇయ్యకపోతే ఇచ్చేదాన్ని తెప్పిద్దాంలేప్పా" అన్నాడు ఓబళప్ప. ఈయన చిక్కన్నగారి కుడిభుజం. బుధవారానికల్లా బెంగళూరు నుంచి కొత్త కన్వర్టర్ పెట్టె వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి బిగించారు. అదీ జవాబివ్వలేదు. ఓబళప్ప చలించలేదు. రెండు పెట్టెలూ ఎదుటి పార్టీ మనుషుల చేతి మీదుగా వచ్చినవేనని విలేకరులకు ప్రకటన ఇచ్చాడు.

గురువారం మధ్యాహ్నం నేనే పోయి రంజితను పిలుచుకొచ్చాను. వై.ఎన్.హొసకోట పిల్ల. డిప్లొమా చదివి, సోలార్ పార్కులో ఇన్వర్టర్లు చూస్తుంది. వచ్చీ రాగానే మీటరు తీసింది. చిన్న బ్యాటరీ చూసింది, ఫ్యూజు చూసింది, ఎర్తు చూసింది. అన్నీ బాగున్నాయి.

"పెద్ద బ్యాటరీ కరెంటును తగ్గించి చిన్నదానికి ఇచ్చే పెట్టె ఇది, పెదనాయనా" అంది నాతో. "మిగతా పెట్టెలతో ఈ రెండు సన్న తీగల్లోనే మాట్లాడతాది. బండి ఆపి కొలిస్తే నడుమ అరవై ఓములు చూపాల. సున్నా చూపిస్తాండాది."

"సున్నా అంటే తప్పులు లేవనే కదమ్మా" అన్నాడు ఓబళప్ప సంతోషంగా.

"రెండు తీగలూ యాడనో ముట్టుకుంటాండాయని, అన్నా."

కన్వర్టర్ ప్లగ్గు పీకి మళ్లీ కొలిచింది. అప్పుడూ సున్నాయే. "పెట్టెది తప్పు కాదు. పాతదీ మంచిదే. తీగలోనే ఉండాది" అంటూ ఆ తీగల కట్ట వెంట చెయ్యి పోనిచ్చింది. చెయ్యి పోయి పోయి, డ్రైవరు పక్కన డ్యాష్‌బోర్డు కింద ఆగింది. సరిగ్గా దానికి పైనే చిక్కన్నగారి పటం, నాలుగు మూలలా నాలుగు స్క్రూలతో, చిరునవ్వు నవ్వుతోంది.

"ఈ స్క్రూ ఎంత పొడుగన్నా?"

"రెండున్నర అంగుళాలు. పొట్టి స్క్రూ అయితే లీడరు స్థాయికి బాగుండదని స్పెషల్‌గా తెప్పిస్తిమి."

రంజిత నాలుగు స్క్రూలూ విప్పి పటం దించింది. కింది స్క్రూ ఒకదాని మొనకు రాగి మెరుపు అంటుకుని ఉంది. మూడు రోజుల గతుకులకు అది రెండు తీగల తొడుగులూ కోసి, రెండింటినీ కలిపి కూర్చుంది. తీగలను విడదీసి, దేనికదే టేపు చుట్టి, మీటరు పెట్టింది. అరవై. తెర మీద ఎరుపు పోయింది. మొత్తం పది నిమిషాలు.

"మళ్లా బిగిస్తే మళ్లా నిలిచిపోతాది" అంది.

"అంటే మా లీడరు వల్ల బండి నిలిచిందంటావా?"

"స్క్రూ వల్లన్నా."

"స్క్రూ ఎవురిది?"

రంజిత మీటరు సంచిలో పెట్టుకుని బైకెక్కింది.

పటం లేకుండా రథం కదలరాదని సమితి తీర్మానం ఉంది. కాబట్టి ఒక మనిషి సీట్లో కూర్చుని దాన్ని పట్టుకోవాలి. ఆ మనిషి కార్యకర్త అయి ఉండాలి. ఉన్నవి ఆరు సీట్లు. జాబితాను కింది నుంచి కొట్టెయ్యడం సంప్రదాయం గనుక ఓబళప్ప ఆరో పేరు కొట్టేశాడు. కష్టం వస్తే నేను దేవుడి మీద భారం వేస్తాను. ఈసారి ఆయన దాన్ని ఓబళప్ప మీద వేసినట్టున్నాడు.

రంగక్క గోడ తడుముకుంటూ బయటికొచ్చింది. "ఆ పటం నేను పట్టుకుంటాలే, ఓబళప్పా."

"పట్టుకునేది కార్యకర్తలక్కా. నీకు మెంబర్‌షిప్పు యాడుండాది?"

"సూర్యునికి ఇచ్చినారంట కదా. నాకియ్యడానికి ఏం రోగం?"

ఓబళప్ప జేబులోంచి ఫారం తీశాడు.

శుక్రవారం రంగక్క పటాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని పావగడ దాకా కూర్చుంది. కళ్లు బాగున్న దోషం వల్ల నేను బస్సులో వెళ్లాను. శిబిరం దగ్గర చిక్కన్నగారే ఎదురొచ్చి, తన పటానికి తానే మూరెడు మందం బంతిపూల దండ వేసి, రెండడుగులు వెనక్కి జరిగి నమస్కరించారు.

"పోలిక బాగా కుదిరినాది, కదప్పా?" అని ఫొటోగ్రాఫరును అడిగారు.

"అచ్చం మీరే, సార్."

నేనూ దండం పెట్టాను. ఆపరేషన్ అయ్యాక చిక్కన్నగారు స్వహస్తాలతో పటాన్ని తెచ్చి, రంగక్క మంచానికి ఎదురుగా బల్ల మీద నిలబెట్టారు. కన్ను తెరవగానే కార్యకర్తకు భవిష్యత్తు కనిపించాలని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు.

శనివారం పొద్దున నర్సు నేత్రావతి కట్టు విప్పింది. వేళ్లు చూపిస్తే రంగక్క సరిగ్గా లెక్కపెట్టింది. నిన్నటి దండ వాడిపోయి బల్ల మీదికి జారి, పటం మీద అది కప్పిన అక్షరాలు బయటపడ్డాయి.

"ఎదురుగా ఏముండాదో చదువక్కా" అంది నేత్రావతి.

రంగక్క సరిహద్దు అవతల, ఆంధ్రాలో మడకశిర పక్క పుట్టిన మనిషి, నాలుగో తరగతి దాకా తెలుగు చదివింది. పటం కట్టించిందీ ఆ మడకశిరలోనే. ఆమె కన్ను చికిలించి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ... పక్క... గోడకు."

"చూపు శానా బాగుండాది" అని నేత్రావతి చీటీలో రాసుకుంది.