లేవనన్న వాకిలి

ఆ రోజు లెక్కల మాస్టారు బడికి సెలవు పెట్టారు. తెల్లారగానే కాఫీ కూడా తాగకుండా వాకిట్లో గొంతుక్కూర్చుని, కాంక్రీటు మీద రసమట్టం పెట్టి చూశారు. గాజు గొట్టంలోని బుడగ ఒక చివరికి పరుగెత్తి అక్కడే నక్కింది. పక్కింటి గోడ వైపు వాకిలి నాలుగు వేళ్ల లోతున కుంగిపోయి ఉంది. చాలాకాలంగా అలాగే ఉంది. అయితే ఆ మధ్యాహ్నం దాన్ని చూడటానికి మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

మాస్టారి భార్య ఫిజియోథెరపీ డాక్టరు. ఎన్నాళ్లుగానో పెద్దాసుపత్రిలో ఇతరుల కింద పనిచేసి విసిగి, ఇంటి ముందు గదిలో సొంత క్లినిక్ పెట్టుకోవాలని ఉద్యోగం మానేసింది. బల్లలు వచ్చాయి, బోర్డు వచ్చింది, తెల్లకోటు కొత్తది కుట్టించుకుంది. ఇక రావాల్సింది అనుమతి ఒక్కటే. కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు, చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్లు తిరిగే చోట నేల చదునుగా ఉండాలని నియమం. ఈ వాకిట్లో చక్రాల కుర్చీని వదిలేస్తే అది తలుపు వైపు కాకుండా గోడ వైపు పోతుంది.

"మరిదిగారికి చెప్పండి, ఆయన పనే అది కదా," అని ఆవిడ ఎప్పుడో చెప్పింది. మరిదిగారంటే ఆవిడ చెల్లెలి మొగుడు, మాస్టారికి తోడల్లుడు. కారే కాంక్రీటునీ కుంగిన కాంక్రీటునీ పాలీయురేథేన్ ఫోమ్‌తో బాగుచేసే కంపెనీలో మేనేజరు. చెబుతానని మాస్టారు తలూపారు. చెప్పలేదు. ఇంట్లో బల్బు పోయినా, కుళాయి బిగుసుకున్నా, ఆఖరికి వాన రాకపోయినా "అదే మా చిన్నల్లుడైతేనా..." అంటూ మొదలుపెట్టే అత్తగారు ఆయనతోనే ఉంటున్నారు. ఆ వాక్యం పూర్తయ్యేలోగా గదిలోంచి వెళ్లిపోవడం మాస్టారికి అలవాటైంది. అటువంటి మనిషిని తనే పిలిచి తన వాకిలి అప్పగించడం కంటే, కుంగిన వాకిట్లో తనూ కుంగిపోవడం నయమనుకున్నారు.

అందుకని వీడియోలు చూశారు. చూస్తే అదేమంత బ్రహ్మవిద్య కాదనిపించింది. కాంక్రీటుకి చిటికెన వేలు పట్టేటంత రంధ్రాలు వేయాలి. వాటిలోంచి రెండు ద్రవాలు కలిపి ఎక్కించాలి. రెండూ కలవగానే నురగలా పొంగి, నేల కింద మట్టి కొట్టుకుపోయిన చోటల్లా నిండి, ఆ పొంగుతోనే కాంక్రీటు పలకని పైకి లేపి, గట్టిపడతాయి. మాస్టారు ఘనపరిమాణం లెక్క కట్టి, దానికి కొంచెం కలిపి, ఫోమ్ డబ్బాలూ, అవి ఎక్కించే గన్నూ కొనుక్కొచ్చి కారు డిక్కీలో దాచారు.

అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మాస్టారు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, మొదటి డబ్బా ఎక్కించి, రసమట్టం వైపు చూశారు. బుడగ కదల్లేదు. రెండో డబ్బా ఎక్కించారు. బుడగ నక్కిన చోటే నక్కి ఉంది.

"ఎక్కుతోందా బాబూ?" అని అత్తగారు మెత్తగా అడిగారు.

"ఎక్కుతోందండీ. ముందు లోపల సర్దుకుంటుంది."

"సర్దుకోనీ పాపం. తొందరేముంది, మధ్యాహ్నం కదా ఆయనొచ్చేది."

మాస్టారు పళ్లు బిగించి మూడో డబ్బా తగిలించారు.

గోడకి అవతల ప్లీడరు గారిల్లు. ఆయన ఒక్కరే ఉంటారు. గోడ పక్కనే ఆయన నీళ్ల సంపు ఉంది. దాని కాంక్రీటు పగిలి నీళ్లు కారుతున్నాయనీ, ఆ నీళ్లకే తమ వాకిలి కింద మట్టి కొట్టుకుపోయిందనీ మాస్టారు ఒకప్పుడు అన్నారు. తన సంపు చుక్క కూడా కారదనీ, అసలు తడి మాస్టారి ఇంటి వైపు నుంచే వస్తోందనీ ప్లీడరు గారు నోటీసు ఇచ్చారు. అప్పట్నుంచీ రెండిళ్లకీ మాటల్లేవు. ప్లీడరు గారి వరండా కూడా గోడ వైపు కుంగింది. అయితే కుంగిందని ఒప్పుకుంటే సంపు కారిందని ఒప్పుకున్నట్టవుతుందని, ఆయన పడకకుర్చీకి ఒక కాలి కింద ఓడిపోయిన కేసు కట్టొకటి పెట్టుకుని చదునుగానే కూర్చుంటున్నారు. ఇనుప గ్రిల్ తలుపు కింద సందు పడితే, ఎలుకలు దూరకుండా రేకు ముక్క కొట్టించారు.

ఆ ఉదయం ఆయన పడకకుర్చీలో పేపరు చదువుకుంటుండగా కుర్చీ ఒకపక్కకి ఒరిగింది. సర్దుకుని కూర్చున్నారు. మళ్లీ ఒరిగింది. చేతిలోంచి జారిన పెన్ను, ఎప్పుడూ గోడ వైపు దొర్లేది, ఈసారి గుమ్మం వైపు దొర్లింది. ఆయనకి చెమటలు పట్టాయి. నలభై దాటాక ప్రతివాడూ భయపడే పక్షవాతమో మరోటో తనకీ వచ్చిందనుకుని, గోడ పట్టుకుని లేచి, ఏళ్ల తరవాత మొదటిసారి అటువైపు తొంగి చూశారు.

"మాస్టారూ, నేల కదిలినట్టు మీకేమైనా అనిపించిందా?"

చివరి డబ్బా ఖాళీ అయినా ఇసుమంత లేవని వాకిలి ముందు కూర్చున్న మాస్టారికి, ఇది వెక్కిరింపుగా కాక మరోలా వినబడే అవకాశమే లేదు.

"మాది కదలదండీ. కదిలితే మీదే కదలాలి," అన్నారు.

ప్లీడరు గారు తెల్లబోయారు. అంటే లోకం స్థిరంగానే ఉంది, తిరుగుతున్నది తన తలే. గొంతు తగ్గించి, డాక్టరమ్మ గారు ఉన్నారా అని అడిగారు. ఆయన నోట ఆ పేరులో 'గారు' వినడం కూడా మాస్టారికి ఎగతాళిలాగే తోచింది. భార్యని కేకేసి, ఇంకా డబ్బాలు కొనుక్కురావడానికి బజారుకి పోయారు.

డాక్టరమ్మ గోడకి ఇటువైపు స్టూలెక్కి నిలబడి రోగిని పరీక్షించింది. కళ్లముందు వేలు ఆడించింది. ఎప్పట్నుంచి, పడుకుంటే ఎలా ఉంటుంది, చెవిలో హోరు ఉందా అని ఓపిగ్గా అడిగింది. అన్నీ బాగానే ఉన్నాయి. డబ్బాలు అయిపోయాయి కాబట్టి తల తిరుగుడు కూడా ఆగింది. ఆవిడ మాట్లాడుతుంటేనే తేలిగ్గా ఉందని ప్లీడరు గారు చెప్పారు. వారం తర్వాత మరోసారి చూస్తానని ఆవిడ చెప్పి స్టూలు దిగింది. అనుమతి రాకముందే మొదటి రోగి వచ్చాడన్న సంతోషంలో, వాకిట్లో పరిచి ఉన్న ఖాళీ డబ్బాల సంగతి కాసేపు మర్చిపోయింది.

అత్తగారు మర్చిపోలేదు. పెద్దల్లుడు వీధి మలుపు తిరగగానే చిన్నల్లుడికి ఫోను చేశారు.

మాస్టారు కొత్త డబ్బాలతో తిరిగొచ్చేసరికి ఇంటి ముందు కంపెనీ వ్యాను, వ్యానులో యంత్రం, యంత్రానికి పొడుగాటి గొట్టం, గొట్టం చివర తోడల్లుడు ఉన్నాడు. అతను మాస్టారు వేసిన రంధ్రాల చుట్టూ తిరిగి, డబ్బా ఒకటి చేత్తో తూచి చూసి, బాధగా నవ్వాడు.

"ఇవి కిటికీ సందులు పూడ్చుకునేవి అన్నయ్యా. వాకిలి లేవడానికి దమ్ము కావాలి. మీరలా కూర్చోండి, అరటిపండు ఒలిచినట్టు లేపి పెడతాను."

"కూర్చో బాబూ, అలిసిపోయావు," అని అత్తగారు కూడా అన్నారు. మాస్టారు కూర్చోలేదు.

యంత్రం గుర్రుమంది. ప్లీడరు గారు అప్పుడే కాస్త ధైర్యం తెచ్చుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని వరండాలో నిలబడి ఉన్నారు. తనని ఎవరో కింద నుంచి మెల్లగా ఎత్తుతున్నట్టనిపించింది. కళ్లు తెరిచి చూస్తే ఎవరూ లేరు. ఇక ఆగకుండా లోపలికి పోయి, గ్రిల్ వేసుకుని, మంచం మీద వాలి, వీలునామా రాయాల్సి వస్తే ఎవరికి రాయాలా అని ఆలోచించారు. ఎవరూ తట్టలేదు. దాంతో మరింత నీరసం వచ్చింది.

ఇటు రసమట్టంలో బుడగ అలాగే ఉంది. తోడల్లుడు ఒత్తిడి పెంచాడు. తర్వాత ఇంకా పెంచాడు. అతని నుదుటి మీద చెమట చూసి మాస్టారికి పొద్దుట్నుంచీ కలగని ఆనందం కలిగింది.

"సర్దుకుంటోందా తమ్ముడూ?" అని మెత్తగా అడిగారు.

"లోపల మట్టి... కొంచెం మొండిగా ఉందన్నయ్యా," అన్నాడు తోడల్లుడు.

అత్తగారు మాత్రం, చిన్నల్లుడిది ఖరీదైన మందు కాబట్టి నెమ్మది మీద పనిచేస్తుందని తీర్పిచ్చారు. యంత్రంలో మందంతా అయిపోయింది. వాకిలి వెంట్రుకవాసి లేవలేదు. తోడల్లుళ్లిద్దరూ జల్లెడలా తయారైన ఆ కాంక్రీటుకి చెరోవైపు, నురగ అంటిన పసుపుపచ్చటి చేతులతో నిలబడి, పెళ్లిళ్లయ్యాక మొదటిసారి ఒకర్నొకరు సానుభూతిగా చూసుకున్నారు.

అప్పుడే పక్కింట్లోంచి నీరసంగా కేక వినబడింది. డాక్టరమ్మని చూద్దామని ప్లీడరు గారు బయల్దేరితే గ్రిల్ తెరుచుకోవడం లేదట. ఎంత తోసినా కదలడం లేదట. చేతుల్లో సత్తువ కూడా పోయిందని ఆయన లోపల్నుంచి చెబుతున్నారు. తల తిరుగుడు, ఆ వెంటనే నిస్సత్తువ. డాక్టరమ్మ పక్షవాతమేమో అనుకుంది. తెల్లకోటు తగిలించుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి ఆ ఇంటికి పరుగెత్తింది.

గ్రిల్ సందులోంచి తన చెయ్యి ఇచ్చి గట్టిగా నొక్కమంది. ఆయన నొక్కిన నొక్కుకి ఆవిడే కెవ్వుమనబోయి ఆపుకుంది. నిస్సత్తువ లేదు. మరి తలుపు? కిందకి చూస్తే రేకు ముక్క వరండా కాంక్రీటుకి కరుచుకుని ఉంది. వరండా ఆ చివర్నుంచి ఈ చివరికి అద్దంలా చదునుగా ఉంది. గోడ మొదట్లో, పూలకుండీల మధ్య, సంపు మూత చుట్టూ పసుపు నురగ ముద్దలు ముద్దలుగా పొంగి గట్టిపడి ఉంది. ఇంటాయన పొద్దున్నుంచీ ఎక్కించిందీ, మరిదిగారు ఎక్కించిందీ, ఎక్కడికి పోయిందో ఆవిడకి తెలిసిపోయింది. కింద ఖాళీ వెంట జారి, గోడ దాటి, అక్కడ పొంగింది.

"ప్లీడరు గారూ, మీకేమీ కాలేదు. లేచింది మీ నేలండీ," అంది.

ఆయన జవాబిచ్చేలోపే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తెల్లకోటు కనబడింది కాబట్టి ఇదే క్లినిక్ అనుకుని నేరుగా వరండాలోకొచ్చి, సంచిలోంచి తన రసమట్టం తీసి నాలుగు చోట్ల పెట్టి చూశాడు. నాలుగు చోట్లా బుడగ నడిమధ్య నిలబడింది. ఈ వీధిలో ఇంత చక్కటి నేల తను చూడలేదని మెచ్చుకున్నాడు. డాక్టరమ్మకి ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది. అయినా ఉండబట్టలేక, క్లినిక్ ఇది కాదండీ, పక్కిల్లు అని చెప్పింది. ఇన్‌స్పెక్టరు పక్కింటికి వెళ్లాడు. రంధ్రాలు చూశాడు, పసుపు చేతులు చూశాడు, రసమట్టం తియ్యను కూడా తియ్యలేదు. కుదరదన్నాడు.

ఆవిడ కొత్త కోటు విప్పి మడతపెట్టుకుంటూ నిలబడింది. అది చూసి అత్తగారు ఏ అల్లుడి పేరూ ఎత్తలేదు.

తోడల్లుళ్లు వెళ్లి ఉలితో రేకు ఊడగొట్టి ప్లీడరు గారిని బయటికి తెచ్చారు. మాస్టారు అప్పటికి తేరుకుని, ఇన్నేళ్ల వాదన గెలిచే రోజు ఇదేనని సంపు దగ్గర నిలబడ్డారు. తమ ఫోమ్ ఇటు వచ్చిందంటే దారి ఉన్నట్టే కదా, దారి ఉందంటే సంపు కారి మట్టి కొట్టుకుపోయినట్టే కదా అని లెక్క తేల్చినట్టు చెప్పారు.

ప్లీడరు గారు సంపు పక్కకి వెళ్లి గోడ తడిమి చూశారు. నీళ్లు తగిలితేనే మరింత పొంగే మందు అది, పగుళ్లన్నిటినీ బిగించేసింది. గోడ ఎండుగా ఉంది.

"ఎక్కడ కారుతోంది, చూపించండి మాస్టారూ," అన్నారు ఆయన.

మాస్టారు కూడా గోడ తడిమి చూశారు, వేలికి తడి అంటలేదు. పక్కనున్న తోడల్లుడు, ఆ మందు కంపెనీదనీ ఈ సంగతి కోర్టు దాకా వెళ్తే తన ఉద్యోగం ఉండదనీ ఆయన చెవిలో గొణిగాడు. ఈలోగా పక్కింట్లో కాగితాలు రాసుకుని వెళ్లిపోతున్న ఇన్‌స్పెక్టరు ఈ గేటు దగ్గర ఆగి, కుండీల మధ్య ఆ పసుపు ముద్దలేమిటని అడిగాడు.

"పుట్టగొడుగులు," అన్నారు ప్లీడరు గారు తొణక్కుండా. "పొద్దున నాకు తల తిరిగింది. ఈ డాక్టరమ్మ గారు మందూ మాకూ లేకుండా నయం చేశారు. అంతకు మించి ఈ ఇంట్లో ఇవాళేమీ జరగలేదు. వరండా ఎప్పుడూ ఇలాగే ఉంది."

ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాక ఆయన డాక్టరమ్మ వైపు తిరిగారు. గొంతులో ప్లీడరు తగ్గి ముసలితనం వినబడింది.

"ఎలా ఉందని నన్ను అడిగినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరమ్మా. నా ముందు గది ఖాళీగానే ఉంది, క్లయింట్లు రావడం మానేశారు. మీ బల్లలు అందులో వేసుకోండి. ఆ ఇన్‌స్పెక్టర్ని రేపు మళ్లీ రమ్మని నేను చెబుతాను. ఒక్కటే షరతు. ఆ సంపు గురించి మాస్టారు ఇక ఎక్కడా ఏమీ అనకూడదు."

డాక్టరమ్మ మాస్టారి వైపు చూసింది. ఇన్నేళ్ల వాదన, దానికి దొరక్క దొరక్క దొరికిన రుజువు, అన్నీ ఆయన ముఖంలో ఒకసారి పైకి లేచి, మెల్లగా కుంగాయి. ఆయన తలూపారు.

చిరునామా మార్చి కొత్త దరఖాస్తు పెట్టారు. క్లినిక్ అక్కడే తెరుచుకుంది. రోజూ పొద్దున్నే ప్లీడరు గారు వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ తన తల తిరుగుడు ఒక్క పూటలో ఎలా పోయిందో వర్ణించి చెప్పేవారు. ఆ మాట ఊరంతా పాకి, తల తిరుగుతోందంటూ ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి వరసలో కూర్చునేవారు.

వాళ్లలో ఎవరికీ అంత త్వరగా నయం కాలేదు.