అక్క సీడీకి తగిన ప్లేయరు

భూముల కొలతల కార్యాలయం సూపరింటెండెంటుగారు తమ ఇంట్లో రాతబల్ల మీదికి ఒక చిన్న సీడీ ప్లేయరు కొనాలని నిర్ణయించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. నిర్ణయించడానికి నిమిషం పట్టింది. కొనడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇందులో ఆలస్యమేమీ జరగలేదని ముందే మనవి.

దీనికంతటికీ కారణం ఆయన అక్కగారు. బట్టలు కుడుతూ, కుట్టుమిషను చప్పుడుకి తాళం కలుపుతూ నలభై ఏళ్లు పాడుకున్న మనిషి. గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని హామీ ఇవ్వలేనన్నాడు డాక్టరు. ఆమె నేరుగా రికార్డింగు గదికి వెళ్లి ఆరు పాటలు పాడి, ఒక్కటంటే ఒక్క సీడీ చేయించి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఆపరేషన్ లోపు విని ఎలా ఉందో చెప్పరా. నువ్వు బాగుందంటే ధైర్యంగా వెళ్తాను."

ఆయన కళ్లు చెమర్చాయి. ఆ తడి కళ్లతోనే టేపు తీసి బల్ల కొలిచారు. రెండు స్పీకర్లూ యాంప్లిఫయరూ పోగా తొమ్మిది అంగుళాల చోటు తేలింది.

"పిల్లల కంప్యూటర్‌లో వేసి వినొచ్చుగా?" అంది భార్య.

"అక్క గొంతుని అందులోనా? అంతకన్నా అవమానం ఉందా?" అని ఆయన నొచ్చుకున్నారు. ఇలాంటి అజ్ఞానం ప్రతి ఇంట్లోనూ ఉండేదే కనుక ఆమెను క్షమించడమైనది.

సలహాకి, ఊరంతా చెవులాయన అని పిలుచుకునే మిత్రులొకరు వచ్చారు. వృత్తిరీత్యా మందుల షాపు. సంగీతమంటే చెవి కోసుకుంటారని ప్రతీతి, అయితే రెండూ ఇంకా యథాస్థానంలోనే ఉన్నాయి. ప్లేయరుకి కరెంటు ఏ గోడ ప్లగ్గు నుంచి వస్తోందో పాట విని చెప్పేయగలరు. ఆయన వెంట వారి శ్రోతల బృందం ఐదుగురూ వచ్చారు.

"మిత్రులారా! ప్లేయరు చిన్నదిగా కనిపించాలి, చిన్నదిగా వినిపించకూడదు. తొందరపడటం కళకు ద్రోహం!" అని ఆయన ఉపన్యసించారు. ఎవరూ తొందరపడలేదు.

పై మూత తెరిచే రకమా, ముందు నోట్లోంచి సీడీ మింగే రకమా అన్న చర్చకే ఆరు వారాలు పట్టింది. మూత రకమైతే పైనున్న అలమర అడ్డొస్తుందని అలమర పీకించారు. తర్వాత మింగే రకమే మేలని తేలింది. కొలతలకని అట్టపెట్టెలతో పదకొండు నమూనాలు చేశారు. వాటిలో ఒకటి నెల్లాళ్లు బల్ల మీదే ఉంది. సూపరింటెండెంటుగారు రోజూ దాని దుమ్ము తుడిచేవారు.

మధ్యలో అక్కగారు ఫోన్ చేసేది.

"విన్నావురా?"

"లేదక్కా, ఇంకా మోటారు సంగతి తేలలేదు."

"ఎవరి మోటారు?"

"నీకెందుకక్కా ఈ తలనొప్పులు! నీ గొంతు కోసమే కాళ్లరిగేలా తిరుగుతున్నా."

తమ్ముడు తన కోసం ఇంత కష్టపడుతున్నాడని ఆమె ఒకసారి ఆపరేషన్ వాయిదా వేసుకుంది. రెండోసారి డాక్టరు ఒప్పుకోలేదు. ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో తెల్లారినప్పటి నుంచి కూర్చున్నది తమ్ముడొక్కరే. ఫోనులో మూడు ప్లేయర్ల లక్షణాల పట్టికలు పోల్చి చూస్తూ కూర్చున్నారు.

చివరికి ప్లేయరు వచ్చింది. ఆదివారం బృందమంతా హాజరు. సరైన ధ్వని అందే చోటు ఒక్కటే కనుక సుద్దముక్కతో గీత గీసి, అక్కడ కుర్చీ వేసి, చెవులాయన్ని కూర్చోబెట్టారు. మెడకి గుడ్డ చుట్టుకుని వచ్చిన అక్కగారికి గుమ్మం పక్కన స్టూలు వేశారు.

ఆమె గొంతు గదంతా నిండింది. ఆమె తన మెడ మీద చెయ్యి పెట్టుకుని వింది. మూడో పాట సగంలో చెవులాయన కళ్లు మూసుకుని చెయ్యెత్తారు.

"రికార్డింగు గదిలో, వెనకాల, ఎడమవైపు, ఫ్యాను తిరుగుతోంది. మూడు రెక్కలు."

చప్పట్లు మోగాయి. సూపరింటెండెంటుగారి కళ్లలో నీళ్లు నిలిచాయి.

"ఎలా ఉందిరా?" అంది అక్కగారు. ఇప్పుడు ఆమెకి మిగిలింది గరగరలాడే గుసగుస మాత్రమే.

"అద్భుతం అక్కా! చూడు, బల్ల మీద ఇంకా రెండంగుళాలు మిగిలాయి కూడా!"

"పాటరా..."

ఇంకో వైరు పెట్టి మళ్లీ వింటే తప్ప అభిప్రాయం చెప్పలేమన్నారు చెవులాయన. ఆమె తల ఊపి, బస్సుకి వేళయిందని లేచింది. తమ్ముడు వీధి చివరి దాకా సాగనంపారు. దారంతా వైరు గురించి వివరించారు.

ఆ రాత్రే ప్లేయరు మీద సమగ్ర నివేదిక రాసి, ఆరు పాటలూ జతచేసి, బృందం వారి ఫోను గ్రూపుకి పంపారు. గ్రూపులో నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు. వైరు గురించి, ప్లగ్గు గురించి, ప్లేయరు కింద పెట్టిన రబ్బరు ముక్కల గురించి ప్రశ్నలు వెల్లువెత్తాయి. ఒక్క సభ్యుడు మాత్రం "పాడిందెవరండీ? రెండో పాటకి ఏడుపొచ్చింది" అని రాశాడు. విషయం దాటి మాట్లాడినందుకు అతణ్ని వెంటనే తొలగించారు.

ఆ స్థానం ఖాళీగా ఉంది. ఇంత దూరం చదివి, ఇంతకీ ఆ ప్లేయరు ఏ కంపెనీదో చెప్పలేదేమని విసుక్కుంటున్న పాఠకులు దరఖాస్తు చేసుకోవచ్చు. పరీక్ష అక్కర్లేదు.